అప్పజెప్పిన పాఠం

ఎన్నికల ఫలితం తెలిసిన మధ్యాహ్నం మా అత్తయ్య రేడియో కట్టేసి, దాని మీద తువ్వాలు కప్పింది.

“శవానికి కప్పినట్టు కప్పావేంటమ్మా?” అన్నాడు మా ఆయన, ఆమెను నవ్వించాలని. ఆమె నవ్వలేదు. వంటింట్లోకి వెళ్లి కడిగిన గిన్నెలే మళ్లీ కడగడం మొదలుపెట్టింది.

ఆ ఏడు వానలు కూడా ఆ రోజే మొదలయ్యాయి. బళ్లు తెరిచే రోజులు కావడంతో ముందుగదిలో నా కుట్టుమిషను చుట్టూ పిల్లల యూనిఫారాలు గుట్టలుగా పడి ఉన్నాయి. చూరు నీళ్ల చప్పుడు, నా మిషను చప్పుడు, లోపల గిన్నెల చప్పుడు తప్ప ఇంట్లో ఇంకో మాట లేదు.

గెలిచినవాణ్ణి ఊళ్లో అందరూ గంట అనేవారు. చిన్నప్పుడు బళ్లో గంట కొట్టే పని అతనిది. ఆ పేరే మిగిలిపోయింది. అతను మా అత్తయ్య శిష్యుడు. ఆ మాటకొస్తే ఊళ్లో సగం మంది ఆమె శిష్యులే. హైస్కూల్లో పౌరశాస్త్రం చెప్పీ చెప్పీ రిటైరైన మనిషి. ఓడిపోయినాయన పాత చైర్మను. పూర్వం ఇంజనీరు. ఊళ్లో మురుగు కాలవలన్నీ బాగు చేయించాడు గానీ మనిషి నవ్వడు. సభల్లో కాగితం చూసి చదివేవాడు. గంట ఏ కాగితమూ చూసేవాడు కాదు. వంటగ్యాసు ధర సగానికి దించుతానన్నాడు. కరెంటు బిల్లులు మాఫీ చేయిస్తానన్నాడు. వానాకాలంలో మీదికొచ్చే ఏటిని ఊరికి దూరంగా మళ్లిస్తానన్నాడు.

“మున్సిపాలిటీ చైర్మన్‌కి గ్యాసు ధరతో ఏం పని? రేపు సూర్యుణ్ణి కాస్త ఆలస్యంగా పొడవమంటాడు కూడా” అనేది అత్తయ్య, ప్రచారం జరిగినన్నాళ్లూ. అంత ధీమాగా అనడానికి కారణం ఉంది. ఏది మున్సిపాలిటీ పనో, ఏది కాదో ఈ ఊరికి తనే చెప్పింది. తెలియని వాళ్లు ఉండరని ఆమె నమ్మకం.

సాయంత్రం ఊరేగింపు మా వీధిలోకి వచ్చింది. మా ఇంటి ముందు ఆగింది. గంట వ్యాను దిగి, గొడుగు పట్టబోయిన వాణ్ణి అక్కడే ఉండమని, ఒక్కడే గుమ్మంలోకి వచ్చాడు.

“టీచరుగారూ, గెలిచానండీ.”

“విన్నాను. లోపలికి రా, తడుస్తున్నావు.”

వచ్చాడు. నేను యూనిఫారాలు జరిపి కుర్చీ ఖాళీ చేశాను. అతను కూర్చోలేదు. అత్తయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చి, శుభాకాంక్షలేవీ లేకుండా అడిగింది.

“గ్యాసు ధర తగ్గించడం నీ చేతిలో ఉందా?”

గంట వీధి వైపు ఒకసారి చూశాడు. బయట డప్పుల హోరు. లోపలి మాట ఎవరికీ వినపడదు.

“లేదండీ” అన్నాడు. “మీరు చెప్పిందేగా. నీరూ మురుగూ దీపం దారీ, చెత్తా సంతా బస్సూ బడీ. అందులో గ్యాసు లేదు.”

“మరెందుకు చెప్పావు?”

“ఆయన కాలవల గురించి చెప్పాడు, ఎవరైనా విన్నారా? జనం గ్యాసు గురించి అడిగారు, నేను గ్యాసు గురించి చెప్పాను. ఆ పాఠం నాకు గుర్తుంది, వాళ్లు మర్చిపోయారు. అంతేనండీ తేడా.”

ఈ మాటలు ఎగతాళిగా అనలేదతను. ఎంతో వినయంగా, లెక్క సరిగ్గా చేసి చూపించే పిల్లాడిలా అన్నాడు. తల వంచి నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. డప్పులు వీధి మలుపు తిరిగాక అత్తయ్య కుర్చీలో కూర్చుంది.

“వాడు క్లాసులో ఫస్టు” అంది.

*

తర్వాత కొన్నాళ్లు మా ఇంట్లో ఆమె మాటే వినపడేది. పేపరు చదవడం మానేసింది గానీ తిట్టడం మానలేదు. పాలు పోయడానికి వచ్చిన మనిషిని, తలుపు బాగు చేయడానికి వచ్చిన వడ్రంగిని గుమ్మంలో నిలబెట్టి కడిగేసేది. ఎవరికి వేశావని అడిగేది కాదు. మొహం చూసి తేల్చేసేది.

“ఓటు వెయ్యాలంటే ముందు పరీక్ష పెట్టాలి” అంది ఒకరోజు భోజనాల దగ్గర. “పాసైనవాళ్లకే చీటీ ఇవ్వాలి.”

“ఫెయిలైనవాళ్లు?” అన్నాడు మా ఆయన.

“ఇంట్లో కూర్చుంటారు. బండి నడపాలంటే లైసెన్సు కావాలి కదా? నువ్వు పరీక్ష పాసవకుండానే బస్సు ఎక్కావా? ఊరు నడిపేవాణ్ణి ఎన్నుకోడానికి మాత్రం కళ్లు మూసుకుని గుద్దితే చాలా?”

ఆయన మున్సిపాలిటీ బస్సు డ్రైవరు. సంత దగ్గర బయల్దేరి, నూలు మిల్లు మీదుగా గుట్ట మీది ఆసుపత్రిదాకా వెళ్లే బస్సు ఆయనది. కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచాడు. ఇంకా సగం భోజనం మిగిలే ఉంది. వంట కుదరలేదేమో అనుకున్నాను.

మర్నాడు అత్తయ్య గొడుగు తీసింది.

“పద అమ్మాయ్. ఎవరికెంత గుర్తుందో చూసొద్దాం.”

“ఇప్పుడా? వానండీ.”

“వానైతే ఏం, కరిగిపోతామా? పద.”

మోకాళ్ల నొప్పులతో ఆమె ఒంటరిగా నడవలేదు. మిషను మీద గుడ్డ కప్పి వెంట బయల్దేరాను.

మొదట బేకరీకి వెళ్లాం. బేకరీ అతను మోచేతులదాకా పిండిలో ఉన్నాడు. మమ్మల్ని చూసి కంగారుగా చేతులు దులుపుకోబోయాడు.

“నీ పని నువ్వు చేసుకో. మున్సిపాలిటీ విధులేంటో చెప్పు చాలు.”

అతను ఒక్క క్షణం తెల్లబోయాడు. తర్వాత పిండి పిసుకుతూనే అందుకున్నాడు. “స్థానిక స్వపరిపాలన ప్రజాస్వామ్యానికి పునాది. పౌరులు తమ ప్రతినిధులను తామే ఎన్నుకొని, తమ అవసరాలను తామే తీర్చుకొనే విధానమే స్థానిక స్వపరిపాలన. పురపాలక సంఘం యొక్క విధులు. నీరూ మురుగూ దీపం దారీ, చెత్తా సంతా బస్సూ బడీ...” పిండి మీద పడే పిడికిలి తాళం వేస్తున్నట్టు ఉంది. ప్రతి వాక్యం చివరా గొంతు కాస్త పైకెత్తి ఆపేవాడు. అది అత్తయ్య ఆపే తీరే. పొయ్యి దగ్గర ఉన్న అతని భార్య నోరు తెరుచుకుని చూస్తోంది.

“ఒక్క ముక్క పోలేదు” అంది అత్తయ్య. “ఇంత తెలిసినవాడివి గంటకెందుకు వేశావు?”

“అది పరీక్షకండీ” అన్నాడతను. “ఇది ఓటు.”

“రెంటికీ సంబంధం లేదా?”

అతను నిజంగానే ఆలోచించాడు. “ఉందని ఎప్పుడూ అనిపించలేదండీ. గంట గ్యాసు తగ్గించడు, నాకూ తెలుసు. కానీ ఎవడో ఒకడు ఆ ఊసెత్తాడు కదా. ఆ పాతాయన రోజూ నా కొట్టు ముందునుంచే నడిచేవాడు. ఒక్కనాడు పలకరించిన పాపాన పోలేదు.” వేడిగా ఒక రొట్టె కాగితంలో చుట్టి అత్తయ్య చేతిలో పెట్టాడు.

బయటికి వచ్చాక అత్తయ్య రొట్టెను గుండెలకు అదుముకుని కొంతదూరం నడిచింది.

“నేను పరీక్ష పెడితే వీడు పాసు. గంట ఫస్టు క్లాసు” అంది చివరికి.

తర్వాత మందుల షాపు. అక్కడి ఆవిడకు నా కంటే పదేళ్లు పెద్ద వయసుంటుంది. అత్తయ్య అడగబోయే లోపే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

“నన్ను అడక్కండి టీచర్. నేను వెనక బెంచీ. ఎవరికీ వెయ్యలేదు కూడా. అసలు వెళ్లలేదు.”

“ఎందుకని?”

“ఏం తెలుసని వెయ్యను? నాకు ఆ చదువు అబ్బలేదుగా.” ఒక ముసలాయనకు మందు సీసా ఇచ్చి పంపి, మళ్లీ మా వైపు తిరిగింది. “ఒక్కసారి అడిగాను మిమ్మల్ని. మా ఇంటి వెనక కాలవ పొంగి నీళ్లు వంటింట్లోకి వచ్చేవి. కాలవ పొంగితే ఎవరికి చెప్పాలి టీచర్ అని లేచి అడిగాను. అది పరీక్షలో రాదు, మురుగునీటి పారుదల అని రాసుకో అన్నారు. రాసుకున్నాను. ఆ వానాకాలమే మా తమ్ముడికి టైఫాయిడ్ వచ్చింది. బతికాడు లెండి.”

అత్తయ్య గొడుగు మడిచి గోడకు ఆనించింది. ఆనించినది జారి పడింది. నేను తీసి పట్టుకున్నాను.

“నేనలా అన్నానా?”

“అందరూ అలాగే అనేవాళ్లండీ. మీరు కోప్పడకుండా అన్నారు, అదే నయం.”

ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. ఎప్పుడో వదిలేసిన విషయం చెబుతున్నట్టు చెప్పింది. అత్తయ్యకు ఆ సంగతి గుర్తు లేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. గుర్తు తెచ్చుకోవాలని ఎంత ప్రయత్నిస్తోందో కూడా తెలుస్తోంది. ఆఖరికి తలనొప్పి బిళ్లలు నాలుగు ఇవ్వమని అడిగి, తీసుకుని, ఇంటికి బయల్దేరింది. ఇంకా చూడాల్సిన వాళ్లు ఉన్నారు గానీ ఆ రోజు గానీ ఆ తర్వాత గానీ ఎవరి దగ్గరికీ వెళ్దామనలేదు.

పాలమనిషిని తిట్టడం కూడా మానేసింది. అది చూసే నాకు భయం వేసింది.

*

ఏరు నిండుగా పారుతోంది. ఒక సాయంత్రం మా ఆయన మామూలు కంటే ముందే వచ్చాడు. ఒళ్లంతా తడి. తల తుడుచుకోకుండానే పీట మీద కూర్చున్నాడు. అత్తయ్య ఎదురుగా కూర్చుంది. నేను వడ్డిస్తున్నాను.

“వచ్చే నెల నుంచి బస్సులు ఉండవట” అన్నాడు.

“ఎవరన్నారు?” అంది అత్తయ్య.

“డిపోలో నోటీసు అంటించారు. కౌన్సిల్లో పెట్టి తీర్మానం చేస్తారట. అది లాంఛనమే అంటున్నారు.”

“ఇంత హఠాత్తుగానా? ఎన్నికల ముందు ఒక్క మాట చెప్పలేదే.”

“చెప్పాడు. కరపత్రంలో ఉంది. నష్టాల్లో నడిచే సేవలు రద్దు చేస్తామని.”

“చదివావా అది?”

“చదివాను. పార్కులో ఫౌంటెను లాంటివేమో అనుకున్నాను.”

నా చేతిలో గరిటె ఆగింది. ఆ తర్వాతి మాట మా ముగ్గురికీ వినపడింది, ఎవరూ అనకుండానే. అత్తయ్య కొడుకు మొహంలోకి చూడలేదు.

“నీళ్లు ఇవ్వమ్మాయ్” అంది.

ఇచ్చాను. తాగి గ్లాసు కింద పెట్టింది.

“మీరు డిపోలో షెడ్డు కోసం పాతాయనకి అర్జీ పెట్టుకున్నారు కదూ?”

“రెండేళ్లు తిరిగాం. వానలో నిలబడి టీ తాగుతున్నాం బాబూ అంటే, నిధుల్లేవు అన్నాడు. తల ఎత్తి చూడలేదు. గంట వచ్చి మాతోపాటు ఆ వానలోనే నిలబడి టీ తాగాడు.”

“ఊఁ” అంది. “నాకెందుకు చెప్పలేదురా?”

“ఏమని చెప్పను? నువ్వు బుద్ధిలేని జనం అని రోజూ తిడుతుంటే, మధ్యలో చెయ్యెత్తి నేనూ ఒకణ్ణి అనమంటావా?”

అత్తయ్య గిన్నె దగ్గరికి లాక్కుంది. కొడుకు కంచంలో ఇంకాస్త వడ్డించింది. ఆయన వద్దనలేదు. వాన ఎక్కువైందని కిటికీ వెయ్యడానికి నేను లేచాను. తిరిగి వచ్చేసరికి ఇద్దరూ తలలు వంచుకుని తింటున్నారు.

*

మున్సిపాలిటీ ఆఫీసుకు వెళ్దామని అత్తయ్య మర్నాడు పొద్దున్నే తయారైంది. దారిలో నాతో ఒక మాట అంది. “మనవాడు పుట్టినప్పుడు జనన ధ్రువీకరణ పత్రం కోసం ఆ ఆఫీసుకి వెళ్లాను. మళ్లీ ఇదే. ఇన్నేళ్లు పాఠం చెప్పాను గానీ ఆ సమావేశాల గదికి కిటికీలు ఎటున్నాయో కూడా నాకు తెలీదు.”

కౌంటరు దగ్గర గుమాస్తా మాకంటే అమాయకుడు.

“కౌన్సిల్ సమావేశానికి మామూలు మనుషులు రావచ్చా బాబూ?”

“ఎందుకండీ?”

“వినడానికి.”

“ఏం వినడానికి?”

“ఊరి సంగతి.”

అతను బుర్ర గోక్కున్నాడు. “రావచ్చో రాకూడదో నాకూ తెలీదండీ. ఇంతవరకూ ఎవరూ రాలేదు.” లోపలికి వెళ్లి పెద్ద గుమాస్తాను తీసుకొచ్చాడు. ఆయన ఇంకొకరిని అడిగాడు. చివరికి ఒక బీరువా తెరిచి, దుమ్ము దులిపి, నిబంధనల పుస్తకం తీశారు. రావచ్చునట. వెనక కుర్చీల్లో కూర్చుని వినవచ్చునట. ఏదైనా తీర్మానం వల్ల నష్టపోయేవాళ్లు ముందుగా రాసిస్తే ఒకరు మాట్లాడవచ్చునట. ఆ పేజీ చదువుతున్నప్పుడు అత్తయ్య మొహం ఎర్రబడింది. కోపం కాదది.

అత్తయ్య అందరికీ కబురు పెట్టింది. ఆ ఆదివారం మా ముందుగదిలో జనం పట్టలేదు. డ్రైవర్లు, కండక్టర్లు, నూలు మిల్లుకు ఆ బస్సులోనే వెళ్లే ఆడవాళ్లు, మందుల షాపావిడ, ఇంకా పొడి పిండి అంటుకున్న చేతులతో బేకరీ అతను. యూనిఫారాలన్నీ మంచం కిందికి తోసేశాను. టీచరుగారు ఇప్పుడు పాఠం మొదలుపెడతారని అందరూ సర్దుకుని కూర్చున్నారు. ఒకరిద్దరు చేతులు కూడా కట్టుకున్నారు.

“ఈసారి నేను చెప్పను” అంది అత్తయ్య. “మీరు అడగండి.”

చాలాసేపు ఎవరూ అడగలేదు. అడగడం ఆమె దగ్గర వాళ్లు నేర్చుకున్న విద్య కాదు. ఆఖరికి మిల్లులో పనిచేసే ఒకామె మెల్లిగా అంది.

“బస్సు నష్టంలో ఉందంటున్నారు కదా. కాలవలకి లాభం వస్తుందాండీ? దీపాలకి వస్తుందా? బస్సుకే ఎందుకు రావాలి?”

“నాకు తెలీదు” అంది అత్తయ్య. “కనుక్కుందాం.”

పెళ్లై ఆ ఇంటికి వచ్చాక ఆమె నోట తెలీదన్న మాట వినడం నాకు అదే మొదలు.

*

సమావేశం రోజు వెనక కుర్చీలు చాల్లేదు. మా కోసం దుమ్ము తుడిచారు గానీ సరిగ్గా తుడవలేదు. గంట మమ్మల్ని చూసి, వేదిక దిగి వచ్చి, అత్తయ్యకు నమస్కారం పెట్టాడు.

“మీరు రావడం మా అదృష్టం టీచరుగారూ. మీరే మాట్లాడతారా?”

“నేను కాదు” అంది అత్తయ్య. “రాసిచ్చింది మావాడు.”

మా ఆయన మైకు ముందుకు వెళ్లాడు. బస్సులో వంద మందికి జాగ్రత్తలు చెప్పే గొంతు అక్కడ ఇంత పీలగా వచ్చింది. చొక్కా అంచు పట్టుకుని లాక్కుంటూ నిలబడ్డాడు.

“నేను ఆసుపత్రి బస్సు డ్రైవర్నండీ. డయాలసిస్ వాళ్లు, కట్లు కట్టించుకునేవాళ్లు, నెలలు నిండినవాళ్లు ఎక్కుతారు. గుట్ట ఎక్కి నడవగలిగినవాళ్లకి ఆసుపత్రి అక్కర్లేదు కదండీ. ఆ బస్సు మీద వచ్చేది తక్కువే. ఆ మాట నిజమే.”

గంట తల ఊపుతూ విన్నాడు. “అన్నా, మీ బాధ నాకు తెలుసు. మీతో నిలబడి టీ తాగినవాణ్ణి. కానీ ఇది నా సొంత నిర్ణయం కాదు. కరపత్రంలో రాశాను, జనం చదివి ఓటేశారు. ఇది ప్రజల తీర్పు.”

“నేనూ వేశానండీ” అన్నాడు మా ఆయన.

వెనక డ్రైవర్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

“మీకే వేశాను. కరపత్రం చదివే వేశాను. అర్థం కాక వేశాను. తప్పు నాదే. ఇప్పుడు అర్థమైంది, అందుకే వచ్చాను. అర్థం కాకుండా వేసిన ఓటు మీకు పనికొచ్చినప్పుడు, అర్థమయ్యాక అడిగే మాట కూడా పనికి రావాలి కదండీ.”

పక్కన అత్తయ్య ఒళ్లో రెండు చేతులూ బిగించి పట్టుకుని కూర్చుంది. చప్పట్లు ఎవరూ కొట్టలేదు. గంట కాసేపు బల్ల మీది కాగితాలు సర్దాడు. మంచి మాట చెప్పావన్నా, ఆలోచిస్తాం అన్నాడు. తర్వాత తీర్మానం చదివి, సభ్యులను చేతులు ఎత్తమన్నాడు. చేతులు లేచాయి. ఒక పెద్దావిడ చెయ్యి సగం లేచి, మా వైపు చూసి, ఆగి, మళ్లీ పూర్తిగా లేచింది. తర్వాతి అంశం సంతలో కొట్ల వేలం.

బయట మెట్ల మీద నిలబడ్డాం. డ్రైవర్లలో కాస్త పెద్దాయన మా ఆయన దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను.

“నువ్వు కూడానా?” అన్నాడు. తర్వాత వాన వైపు చూస్తూ, “నేనూ వేశాన్లే” అన్నాడు.

ఇంటిదారిలో అత్తయ్య కొడుకు చెయ్యి పట్టుకుని నడిచింది. నీళ్లు నిలిచిన చోట ఆగి అడిగింది.

“మళ్లీసారి ఎవరికి వేస్తావురా?”

“చెప్పకూడదమ్మా. రహస్య ఓటు.”

ఆమె నవ్వింది. పెద్ద నవ్వేం కాదు. ఏడుపుకి దగ్గరగా ఉన్న నవ్వు. తర్వాత అంది, “జనం మళ్లీ వాడికే వేస్తార్రా.”

“వేస్తారు” అన్నాడాయన.

*

బస్సులు ఆగిపోయాయి. పదిరోజులు తిరక్కుండానే ఆ దారిలో గంట బావమరిది వ్యాన్లు తిరగడం మొదలుపెట్టాయి. ఛార్జీ బస్సు కంటే రెట్టింపు, గుట్ట దాకా మాత్రం వెళ్లేవి కావు. మిల్లు ఆడవాళ్లలో కొందరు పని మానేశారు, కొందరు నడిచి వెళ్లేవాళ్లు. గ్యాసు ధర తగ్గలేదు, పెరిగింది. పైవాళ్లు అడ్డుపడుతున్నారని గంట సభ పెట్టి చెప్పాడు. ఆ సభకు కూడా జనం బాగానే వచ్చారు. అవునవునన్నట్టు తలలూపారు.

మా ఆయన రాళ్ల క్వారీలో లారీ తోలడానికి కుదిరాడు. క్వారీ దూరం. వారానికో పూట ఇంట్లో ఉండేవాడు. ఆ పూట ఎక్కువగా నిద్రపోయేవాడు. అలవాటైన మూడు కంచాలు తీసి, ఒకటి మళ్లీ అలమరలో పెట్టేయడం నాకు చాలాకాలం కష్టంగా ఉండేది. అత్తయ్య చూసీ చూడనట్టు ఉండేది.

ఆదివారాలు ముందుగది మాత్రం తెరిచే ఉంచింది. కొన్ని వారాలు పదిమంది వచ్చేవాళ్లు. కొన్ని వారాలు మందుల షాపావిడ ఒక్కతే వచ్చి, టీ తాగి, ఊళ్లో సంగతులు చెప్పి వెళ్లేది. ఎవరూ రాని రోజున అత్తయ్య నా పక్కన కూర్చుని గుండీలు కుట్టేది.

“ఇదంతా ఎందుకండీ, ఎవరూ రానప్పుడు?” అని అడిగాను ఒకసారి.

“బళ్లోకి వచ్చినప్పుడు నేను వాళ్లని మాట్లాడనివ్వలేదు కదమ్మా” అంది. “ఇప్పుడు వాళ్లు రానన్నాళ్లు నేను కూర్చోవాలి.”

వానలు తగ్గుముఖం పట్టాక మరో కౌన్సిల్ సమావేశం వచ్చింది. ఈసారి ఊళ్లో ఎవరికీ దాని ఊసు లేదు. వెనక కుర్చీల్లో అత్తయ్య, నేను, మందుల షాపావిడ. బేకరీ అతను కాస్త ఆలస్యంగా వచ్చి, తలుపు దగ్గర కూర్చున్నాడు. అంతే. గంట మమ్మల్ని చూసి పలకరింపుగా నవ్వాడు. ఈసారి దిగి రాలేదు.

అంశాలన్నీ గబగబా అయిపోయాయి. సభ ముగించే ముందు నిబంధన ప్రకారం అడగాలి కాబట్టి అడిగాడు.

“ఎవరైనా ఏమైనా చెప్పేదుందా?”

చూపు అత్తయ్య మీదే ఉంది. ఆమె కదల్లేదు. మోకాళ్లు పట్టేశాయేమో అనుకుని లేపడానికి చెయ్యి అందించాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది గానీ లేవలేదు. చిన్నగా నొక్కి వదిలేసింది. ఆమె లేవబోవడం లేదని నాకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది.

నేను లేచాను. గది పెద్దదిగా కనిపించింది. ఆ పొడుగాటి బల్ల చుట్టూ ఉన్న మొహాలన్నీ నా వైపు తిరిగాయి.

“ఆసుపత్రి దారిలో దీపాలు వెలగడం లేదండీ” అన్నాను. “బస్సు లేదు కాబట్టి మిల్లు ఆడవాళ్లు ఆ చీకట్లోనే నడిచి వస్తున్నారు. దీపాలు మున్సిపాలిటీ పనే. ఎప్పుడు వేయిస్తారు?”

“చూస్తామమ్మా” అన్నాడు గంట. “కూర్చోండి.”

“జవాబు విని కూర్చుంటానండీ.”

గంట నా వైపు కాసేపు చూశాడు. తర్వాత పక్కనున్న ఇంజనీరు వైపు చూశాడు. ఇంజనీరు ముందున్న ఫైలు తెరిచి, అది కాదని పక్కన పెట్టి, ఇంకొకటి అందుకున్నాడు. నేను నిలబడే ఉన్నాను.